చేయి ఎత్తినవారెవరు?

బ్యాటు పెద్దమనుషులది, బంతి జీతగాడిది. కనుక ఇంగ్లీషు క్రికెట్‌లో బౌలింగు పద్ధతులు మార్చినది శ్రమజీవే. ఈ సూత్రం చాలాకాలం నాకు నచ్చింది. మన విద్యార్థి మిత్రులకూ నచ్చుతుంది. కాని చరిత్ర ఇంత సులువుగా లొంగదు.

మొదట్లో బంతిని నడుము కిందనుంచే వేసేవారు. చేతిని పక్కకు చాచి వేస్తానని పట్టుబట్టిన జాన్ విల్స్ జీతగాడు కాడు; కెంట్ ప్రాంతపు అమెచ్యూర్. 1822లో లార్డ్స్ మైదానంలో అంపైరు అతని బంతిని నోబాల్ అన్నాడు. విల్స్ బంతిని విసిరికొట్టి, గుర్రమెక్కి వెళ్ళిపోయాడని చెబుతారు. ధిక్కారమే. కాని అలా వెళ్ళిపోవాలంటే ముందు గుర్రం ఉండాలి. రేపటి కూటికి ఆ ఆట మీద ఆధారపడకుండా ఉండాలి.

అతడు వెళ్ళిపోయాడు, నిబంధన మిగిలింది. దానిని కదిలించినవారు ససెక్స్ జీతగాళ్ళు విలియం లిల్లీవైట్, జేమ్స్ బ్రాడ్‌బ్రిడ్జ్. లిల్లీవైట్ ఇటుకల పనివాడు. 1827లో కొత్త బౌలింగును పరీక్షించడానికి ససెక్స్‌కూ ఇంగ్లండుకూ మూడు పోటీలు పెట్టారు. మొదటి రెండూ ససెక్స్ గెలిచింది. అప్పుడు ఇది అన్యాయపు బౌలింగు, మూడవ పోటీ ఆడబోమని ప్రకటించినది ఎవరు? ఇంగ్లండు జట్టులోని తొమ్మిదిమంది జీతగాళ్ళు! తరువాత ఆడారనుకోండి. కొత్త పద్ధతి తరఫున పత్రికలో వాదించినవాడో, జి. టి. నైట్ అనే అమెచ్యూర్. ఎం.సి.సి. 1828లో మోచేతి ఎత్తుకూ, 1835లో భుజం ఎత్తుకూ అనుమతి ఇచ్చింది.

1862లో ఓవల్ మైదానంలో ఎడ్గార్ విల్షర్ చేయి భుజం దాటుతోందని ఆరుసార్లు నోబాల్ అన్న అంపైరు జాన్ లిల్లీవైట్. ఆ ఇటుకల పనివాడి కొడుకే! తండ్రి జరిపిన హద్దుకు కొడుకు కావలి కాశాడు. అప్పుడు విల్షర్‌తో కలిసి తొమ్మిదిమంది జీతగాళ్ళు మైదానం విడిచారు. ఇద్దరు అమెచ్యూర్లు మాత్రం మిగిలారు. అంపైరును మార్చి ఆట సాగించారు. 1864లో నిబంధనే మారింది.

1827లోనూ తొమ్మిదిమందే, 1862లోనూ తొమ్మిదిమందే. మొదటివారు తోటివాడి చేతిని అడ్డుకున్నారు. రెండవవారు దాని వెంట నిలిచారు. వర్గం పుట్టుమచ్చ కాదు, నిలబడి నేర్చుకునే పాఠమని నేను అంటున్నది ఇందుకే. కొత్త పద్ధతిని ఎవరైనా కనిపెట్టవచ్చు. దానికి మూల్యం చెల్లించేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

1932-33లో ఆస్ట్రేలియాలో బ్యాట్స్‌మన్ దేహం మీదికి బంతులు వేయించిన వ్యూహం అమెచ్యూర్ కెప్టెన్ జార్డిన్‌ది. వేసిన చేయి మాజీ గనిపనివాడు హెరాల్డ్ లార్‌వుడ్‌ది. క్షమాపణ అడిగింది లార్‌వుడ్‌ను. అతడు నిరాకరించాడు, మళ్ళీ ఇంగ్లండుకు ఆడలేదు. ఆ మరుసటి శీతకాలం జార్డిన్ కెప్టెన్‌గానే మన దేశానికి వచ్చాడు.

లార్‌వుడ్ వెంట నడవడానికి ఆనాడు తొమ్మిదిమంది లేరు.