ఎక్స్‌రే మెరుపుల జాడ

ఆకాశంలో కొన్ని సెకన్లో, మహా అయితే కొన్ని నిమిషాలో వెలిగి ఆరిపోయే ఎక్స్‌రే మెరుపులను కనిపెట్టి, వాటి పుట్టుకను తేల్చే పని ఖగోళశాస్త్రంలో అర్ధశతాబ్దంగా ఒక ప్రత్యేక విద్యగా పెరిగింది. ఈ విద్యలోని చిక్కు ఏమిటంటే, మెరుపును చూడటం వల్ల తెలిసేది చాలా తక్కువ. డిటెక్టర్ మీద పడిన ఫోటాన్లు ఎన్ని, వాటి శక్తి ఎంత, అవి ఏ క్షణాన వచ్చాయి అన్న మూడు సంగతులు మాత్రమే మొదట చేతికి అందుతాయి. పక్కనే ఉన్న ఒక చిన్న నక్షత్రం చిటపటలాడిందా, వేయి కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఒక మహానక్షత్రం కూలిపోయిందా అన్నది వాటితో తేలదు. అది తేలాలంటే దూరం తెలియాలి, దూరం తెలియాలంటే దృశ్యకాంతి టెలిస్కోపు అదే చోటును చూడాలి, అలా చూడాలంటే ఆ చోటు ఎక్కడో కచ్చితంగా, అదీ మెరుపు తాలూకు వెలుగు పూర్తిగా చల్లారకముందే తెలియాలి. అందువల్ల ఈ విద్య చరిత్ర చాలావరకు ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు జవాబును సన్నం చేసుకుంటూ వచ్చిన చరిత్రే.

భూవాతావరణం ఎక్స్‌కిరణాలను పైపొరల్లోనే పీల్చేసుకుంటుంది కాబట్టి ఈ పరిశీలన నేల మీది నుంచి సాధ్యం కాదు. 1962 జూన్‌లో రికార్డో జకోనీ బృందం అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి ఎగరేసిన రాకెట్, వాతావరణం పైన గడిపిన కొద్ది నిమిషాల్లోనే వృశ్చిక రాశి దిక్కున, సౌరకుటుంబానికి వెలుపల ఉన్న తొలి ఎక్స్‌రే మూలాన్ని పసిగట్టింది. స్కార్పియస్ ఎక్స్-1 అనే ఆ మూలాన్నే 1960ల చివర భారతీయ పరిశోధకులు కేరళలోని తుంబా నుంచి ఎగరేసిన రాకెట్లతోనూ, హైదరాబాదు నుంచి టాటా మౌలిక పరిశోధన సంస్థ వదిలిన బెలూన్లతోనూ పరిశీలించారు. బెలూన్లు చేరే ఎత్తుకు కూడా బలమైన ఎక్స్‌కిరణాలు మాత్రమే దిగివస్తాయి. అయితే హైదరాబాదు భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల తక్కువ శక్తి గల విశ్వకిరణాలను భూమి అయస్కాంత క్షేత్రమే తిప్పికొడుతుంది. డిటెక్టర్‌లో అనవసరపు సందడి తగ్గి, బలహీనమైన సంకేతం కూడా తేటగా కనబడుతుంది. 

మెరుపుల్లో మొదట అంతుపట్టినవి మన పాలపుంతలోవే. డచ్ ఉపగ్రహం ఏఎన్‌ఎస్ 1975లో తీసిన కొలతల్లో జొనథన్ గ్రిండ్లే, జాన్ హైసే ఒక గోళాకార తారాగుచ్ఛం నుంచి వచ్చిన ఎక్స్‌రే విస్ఫోటాలను గుర్తించారు. క్షణాల్లో ఎగిసి, పదుల సెకన్లలో నెమ్మదిగా తగ్గి, కొన్ని గంటల తరువాత మళ్లీ కనిపించే ఈ విస్ఫోటాల వెనుక ఉన్నది న్యూట్రాన్ నక్షత్రం. అంటే సూర్యుడిని మించిన ద్రవ్యరాశి ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వ్యాసంలోకి కుదించుకుపోయిన మృత నక్షత్రం. అది తన తోడు నక్షత్రం నుంచి లాక్కున్న హైడ్రోజన్, హీలియం వాయువులు దాని ఉపరితలం మీద పొరగా పేరుకొని, కింది పొర మీద ఒత్తిడీ వేడీ ఒక హద్దు దాటగానే కేంద్రక సంలీనం అదుపు తప్పి మొత్తం ఉపరితలం ఒక్కసారిగా రగులుకుంటుంది. ఇది అణు ఇంధనపు మంటేనని తేల్చిన వాదన చక్కనైనది. జారిపడుతున్న వాయువు గురుత్వం వల్ల విడుదల చేసే శక్తి, అదే వాయువు సంలీనంలో ఇచ్చే శక్తికి ఎన్నో పదుల రెట్లు ఉండాలని లెక్క చెబుతుంది. రెండు విస్ఫోటాల నడుమ నిలకడగా వెలువడిన శక్తిని విస్ఫోటపు శక్తితో పోల్చి చూస్తే సరిగ్గా ఆ నిష్పత్తే వచ్చింది.

ఈ సూత్రానికి లొంగని మూలాన్ని వాల్టర్ లెవిన్ బృందం మరుసటి సంవత్సరమే సాస్-3 ఉపగ్రహంతో కనుగొన్నది. రాపిడ్ బర్స్టర్ అని పిలిచే ఆ మూలం కొన్ని సెకన్లకొకసారి కూడా మెరిసేది. అంత తక్కువ వ్యవధిలో ఇంధనం పేరుకోవడం అసాధ్యం కాబట్టి, ఆ మెరుపులు సంలీనం వల్ల కాక, వాయువు ధారగా కాకుండా విడతలు విడతలుగా మీద పడటం వల్ల పుడుతున్నాయని నిర్ణయించారు. ఆ తరువాతి కాలంలో విస్ఫోటం సాగుతున్నప్పుడు దాని వెలుగులో కనిపించే వేగవంతమైన కంపనాలు న్యూట్రాన్ నక్షత్రపు భ్రమణాన్నే బయటపెట్టాయి. 4యూ 1728-34 అనే మూలంలో సెకనుకు సుమారు 363 సార్లు సాగే ఈ కంపనాన్ని 1996లో అమెరికా ఉపగ్రహం ఆర్‌ఎక్స్‌టీఈ కనిపెట్టగా, శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న బయలుదేరిన భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్ కూడా తరువాత నమోదు చేసింది.

ఇలా ఒకే చోట మళ్లీ మళ్లీ మెరిసేవాటికి కాపు కాయడం తేలిక. ఒక్కసారి మెరిసి మరి కనిపించనివాటి సంగతి వేరు. అణుపరీక్షల మీద నిఘాకు అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967లో పట్టుకొన్న గామా కిరణ విస్ఫోటాలు ముప్పై ఏళ్లపాటు పొరుగువో సుదూరమైనవో తెలియకుండానే మిగిలిపోయాయి. అవి మన పాలపుంత అంచులవని ఒక వర్గం, విశ్వపు లోతుల్లోవని మరొక వర్గం వాదించుకుంటూ వచ్చాయి. మధ్యలో సిద్ధాంతాలు కొల్లలుగా పుట్టాయి. ఈ ప్రతిష్టంభనను తీర్చింది కొత్త సిద్ధాంతం కాదు, మెరుగైన చిరునామా. ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ఉపగ్రహం బెప్పోశాక్స్ 1997 ఫిబ్రవరి 28న ఒక విస్ఫోటాన్ని తన విశాల దృష్టి కెమెరాతో పట్టుకొనగా, ఎనిమిది గంటల్లో నిశితమైన ఎక్స్‌రే టెలిస్కోపులను అటు తిప్పిన ఎన్రికో కోస్టా బృందానికి అక్కడ క్రమంగా చల్లారుతున్న ఎక్స్‌రే వెలుగు కనిపించింది. విస్ఫోటం విసిరిన పదార్థం చుట్టుపక్కల వాయువును ఢీకొన్నప్పుడు పుట్టి, రోజుల తరబడి తగ్గుతూ వచ్చే ఈ వెలుగును అనుదీప్తి అంటారు. ఆ స్థానాన్ని అందుకొన్న యాన్ వాన్ పారడైస్ బృందం కెనరీ దీవుల టెలిస్కోపుతో దృశ్యకాంతిలోనూ అనుదీప్తిని పట్టుకొంది. అదే ఏడాది మే నెలలో మరొక విస్ఫోటపు అనుదీప్తి వర్ణపటంలో అరుణభ్రంశం, అంటే విశ్వం విస్తరించడం వల్ల కాంతి ఎరుపు వైపుకు జరిగే మేర, కనీసం 0.835 అని తేలడంతో ఆ విస్ఫోటాలు విశ్వపు లోతుల్లోవేనన్నది స్థిరపడింది.

విశాలంగా చూసే పరికరానికి చోటు కచ్చితంగా చెప్పడం ఎందుకు కష్టమో ఇక్కడ వివరించవలసి ఉంది. ఎక్స్‌కిరణాలు మామూలు అద్దం మీద నేరుగా పడితే పరావర్తనం చెందక దానిలోకి చొచ్చుకుపోతాయి; అత్యంత నునుపైన లోహపు తలాన్ని ఏటవాలుగా, దాదాపు దాన్ని రాసుకుంటూ తాకినప్పుడే పరావర్తనం చెందుతాయి. ఈ సూత్రంతో చేసిన టెలిస్కోపు చక్కని ప్రతిబింబాన్ని ఇస్తుంది గాని ఆకాశంలో అతి చిన్న భాగాన్నే చూడగలదు. దీనికి ప్రత్యామ్నాయంగా కోడెడ్ మాస్క్ అనే పద్ధతి వచ్చింది. ఎండలో పట్టుకొన్న జల్లెడ నీడ ఎటు జరిగిందో చూసి సూర్యుడు ఎటున్నాడో చెప్పవచ్చు. అలాగే సీసపు పలకలను ఖాళీలు వదులుతూ క్రమం లేకుండా పరిచిన తెరను డిటెక్టర్‌కు పైన నిలిపితే, మూలం ఉన్న దిక్కును బట్టి తెర నీడ పక్కకు జరుగుతుంది, ఆ జరుగుబాటు నుంచి కంప్యూటర్ దిక్కును లెక్కగడుతుంది. 2004 నవంబరు 20న కక్ష్య చేరిన స్విఫ్ట్ ఉపగ్రహంలో ఇటువంటి తెరకు సుమారు 52,000 సీసపు పలకలు, దాని కింద 32,768 చిన్న డిటెక్టర్లు ఉన్నాయి. ఈ ఏర్పాటు మెరుపు స్థానాన్ని కొన్ని కోణీయ నిమిషాల మేరకు చెబుతుంది. పూర్ణచంద్రుడి వెడల్పు దాదాపు 30 కోణీయ నిమిషాలు. అంతలోనే ఉపగ్రహం మనిషి ఆజ్ఞ కోసం చూడకుండా తనంతట తాను తిరిగి, ఒకటి రెండు నిమిషాల్లో నిశితమైన ఎక్స్‌రే టెలిస్కోపును ఆ దిక్కుకు గురిపెట్టి, స్థానాన్ని కొన్ని కోణీయ సెకన్లకు కుదిస్తుంది.

అయినా ఇన్ని ఏర్పాట్లకూ అందనిది ఒకటి అదృష్టం వల్ల దొరికింది. 2008 జనవరి 9న ఖగోళశాస్త్రవేత్త అలీషియా సోడర్‌బర్గ్ కోరిక మేరకు స్విఫ్ట్ తన చిన్న దృష్టి టెలిస్కోపుతో ఎన్‌జీసీ 2770 అనే గెలాక్సీలోని ఒక సూపర్‌నోవాను, అంటే పేలిన నక్షత్రాన్ని, గమనిస్తుండగా, అదే గెలాక్సీలో మరొక చోట అయిదారు నిమిషాలపాటు ఎక్స్‌రే మెరుపు వెలిగింది. కోడెడ్ మాస్క్ దాన్ని హెచ్చరికగా గుర్తించనేలేదు. ఆ చోట వెంటనే బయటపడ్డ సూపర్‌నోవాకు 2008డీ అని పేరు పెట్టారు. నక్షత్ర గర్భం కూలినప్పుడు పుట్టిన అభిఘాత తరంగం లోపలి నుంచి ప్రయాణించి ఉపరితలాన్ని చీల్చుకొని బయటపడే క్షణంలో ఎక్స్‌కిరణాలు వెలువడాలని సిద్ధాంతం ఎప్పటి నుంచో చెబుతోంది. నక్షత్రం పేలిందన్న వార్తను మొదట మోసుకొచ్చేవి న్యూట్రినోలైతే, వెలుగు రూపంలో మొదట వచ్చేది ఇదే. ఈ మెరుపు ఆ క్షణానిదేనని సోడర్‌బర్గ్ బృందం వాదించగా, బలహీనమైన జెట్, అంటే సన్నని ధారగా దూసుకొచ్చే పదార్థం, కారణమని మరికొందరు ప్రతిపాదించారు. వాదం ఎటు తేలినా, తక్కువ శక్తి గల మృదువైన ఎక్స్‌కిరణాల్లో ఆకాశమంతా కాపు కాసే పరికరం లేని లోటు మాత్రం అందరికీ స్పష్టమైంది.

ఆ లోటును తీర్చే ఉపాయాన్ని ఖగోళశాస్త్రవేత్త రోజర్ ఏంజెల్ 1979లోనే సూచించారు. సముద్రపు లాబ్‌స్టర్ కంటిలో కటకాలకు బదులు సన్నని చదరపు గొట్టాలు గోళాకారంగా అమరి ఉండి, వాటి గోడల మీద ఏటవాలుగా తాకిన కాంతిని లోపలికి మళ్లిస్తాయి. ఏ దిక్కు నుంచి చూసినా అమరిక ఒకటే కాబట్టి చూపుకు అంచు ఉండదు. ఎక్స్‌కిరణాలకు కావలసింది ఈ ఏటవాలు పరావర్తనమే. మైక్రాన్లలో కొలిచే చదరపు రంధ్రాలను గాజు పలకల్లో లక్షలాదిగా చేయగల నైపుణ్యం కుదరడానికి దశాబ్దాలు పట్టింది. ఈ పద్ధతిలో చైనా శాస్త్ర అకాడమీ ఐరోపా సంస్థలతో కలిసి నిర్మించిన ఐన్‌స్టైన్ ప్రోబ్, సూపర్‌నోవా 2008డీ మెరుపు కనిపించిన తేదీకి సరిగ్గా పదహారేళ్లకు, 2024 జనవరి 9న కక్ష్యకు వెళ్లింది. దాని విశాల దృష్టి టెలిస్కోపు ఒక్కసారికి సుమారు 3,600 చదరపు డిగ్రీలను, అంటే మొత్తం ఆకాశంలో పదకొండో వంతును చూస్తుంది. పక్కనే ఉన్న నిశిత టెలిస్కోపు, స్విఫ్ట్‌లో మాదిరిగానే, దొరికిన చోటును సన్నం చేస్తుంది.

పరికరం ఎంత గొప్పదైనా, నిజమైన మెరుపును వట్టి భ్రమ నుంచి వేరుచేయడమే ఈ వృత్తిలో అసలైన నేర్పు. ఒక చిత్రంలో ఒక చుక్క వద్ద సగటున రెండు ఫోటాన్లు పడతాయనుకుంటే, యాదృచ్ఛికంగా పది పడే అవకాశం ఇరవై వేలలో ఒకటికి మించదు. ఇది చాలా అరుదుగా తోచవచ్చు గాని, చిత్రంలో అటువంటి చుక్కలు ఇరవై వేలు ఉంటే సగటున చిత్రానికి దాదాపు ఒక దొంగ మెరుపు తగులుతుంది. అందువల్ల హద్దును ఎక్కువగా పెడితే బలహీనమైన నిజాలు జారిపోతాయి, తక్కువగా పెడితే టెలిస్కోపుల సమయం వృథా అవుతుంది. లాబ్‌స్టర్ కన్ను ప్రతి మూలాన్నీ మధ్యలో చుక్క, నాలుగు వైపులా చేతులు ఉన్న శిలువ ఆకారంలో చూపుతుంది కాబట్టి, ఆ ఆకారం లేనిది విశ్వకిరణపు దెబ్బ కావచ్చునని అనుమానించాలి. ఆ తరువాత పాత జాబితాలను తిరగేసి ఆ చోట తెలిసిన మూలమేదైనా ఉందా అని చూడాలి. నిజమని తేలినవాటిలోనూ ఎన్నో ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల జ్వాలలే. అయస్కాంత క్షేత్రపు మెలికలు తెగి వాయువును కోట్ల డిగ్రీలకు వేడెక్కించినప్పుడు అవి పుడతాయి. వీటిని చెత్తగా తీసిపారేయడం మెరుపుల వేటగాళ్లకు అలవాటే గాని అది సరికాదు, ఎందుకంటే అటువంటి నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వాతావరణాన్ని ఊడ్చివేయగలిగేవి ఈ జ్వాలలే.

వడపోత దాటినదాని గురించి ప్రపంచమంతటికీ ఏకకాలంలో కబురు పంపే ఏర్పాటు 1990లలో రూపుదిద్దుకొన్నది. ఒక్క బృందమే తన వద్ద దాచుకొంటే మెరుపు విలువ గంటల్లో అడుగంటుతుందన్న ఎరుక వల్ల, పోటీపడే పరిశోధకులు కూడా స్థానాలను వెంటనే బహిరంగం చేసే మర్యాద ఇక్కడ పాతుకుపోయింది. విజ్ఞానశాస్త్రంలోని తక్కిన శాఖల్లో ఇంతటి దాపరికం లేనితనం అరుదు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క దేశమూ ఇరవై నాలుగు గంటలూ కాపు కాయజాలదు. చిలీలో తెల్లవారిన కొన్ని గంటలకు లడాఖ్‌లో చీకటి పడుతుంది; సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున హాన్లే వద్ద ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, దానికి తోడు కబురు అందగానే కదలగల 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఈ గొలుసులో కీలకమైన లంకెలు. పాత చిత్రంలో లేని చుక్క కొత్త చిత్రంలో ఉందా అని ఇవి మొదట చూస్తాయి. ఉంటే పెద్ద టెలిస్కోపులు దాని వర్ణపటం తీసి దూరం చెబుతాయి.

ఈ గొలుసు సక్రమంగా పనిచేస్తే ఏమి దొరుకుతుందో 2024లోనే రుజువైంది. మార్చి 15న ఐన్‌స్టైన్ ప్రోబ్ పట్టిన ఒక మెరుపు పదిహేను నిమిషాలకు మించి సాగింది; దాని అరుణభ్రంశం 4.859 అని, అంటే విశ్వం వయసు సుమారు 120 కోట్ల సంవత్సరాలప్పుడు బయలుదేరిన వెలుగని చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు చూపింది. అంతకన్నా విశేషం, దానితో ముడిపడిన గామా కిరణాలు ఎక్స్‌కిరణాల తరువాత ఆరు నిమిషాలకు గాని రాలేదు. గామా కిరణాలు చూసే పరికరాలు ఇన్నాళ్లూ కథను మధ్యలో అందుకుంటున్నాయేమోనన్న సందేహం దీనితో గట్టిపడింది. ఏప్రిల్ 14 నాటి మెరుపులో గామా కిరణాలే కనబడలేదు గాని, కొద్ది రోజులకు అక్కడ విపరీతమైన వేగంతో పదార్థాన్ని వెదజల్లే తరహా సూపర్‌నోవా తేలింది.

ఆ రెంటి నడుమ, ఏప్రిల్ 8న పట్టుబడిన మెరుపు వేరే దారి పట్టింది. పన్నెండు సెకన్లు తీవ్రంగా వెలిగి, నాలుగు రోజులపాటు దాదాపు ఒకే స్థాయిలో ఎక్స్‌కిరణాలు వెదజల్లి, ఆ పైన వేగంగా చల్లారింది. స్థానం బాగానే తెలిసింది, టెలిస్కోపులు సకాలంలోనే అటు తిరిగాయి. అయినా దృశ్యకాంతిలో గాని రేడియోలో గాని కొత్త వెలుగేదీ కనిపించలేదు కాబట్టి దూరం తేలలేదు. కృష్ణబిలం ఒక నక్షత్రాన్ని చీల్చినప్పుడు పుట్టిన జెట్ అని కొందరు, అసాధారణమైన గామా కిరణ విస్ఫోటమని మరికొందరు వివరించారు. శక్తి లెక్కలన్నీ దూరం మీదే ఆధారపడి ఉన్నందున, రెండు వివరణల్లో దేన్నీ కొట్టివేయగల ఆధారం ఆ కొలతల్లో లేదు.