ఎద్దు తూకము – నడిమి ఊహ: గాల్టన్ వ్యాసముపై విమర్శ

మధ్యగతమును బోధించు ఉపాధ్యాయులు చదువదగిన చిన్న వ్యాసము, ఫ్రాన్సిస్ గాల్టన్ 1907 మార్చిలో 'నేచర్' పత్రికయందు ప్రకటించిన 'వాక్స్ పాప్యులై', అనగా ప్రజావాణి. ఇంగ్లండులోని ప్లిమత్ పశుప్రదర్శనలో, ఒక ఎద్దును కోసి శుభ్రపరచిన పిమ్మట ఎంత తూగునో ఊహించు పందెము జరిగినది. చదువ వీలైన 787 చీట్లను గాల్టన్ వరుసగా అమర్చెను. నడిమి ఊహ 1207 పౌనులు; అసలు తూకము 1198.

ఆయన వాదము బలమైనది. 1150, 1180, 1200, 1220, 1250 అను ఊహల సగటు 1200. మధ్యగతము కూడ 1200. చివరివాడు పొరపాటున 12500 అని వ్రాసినచో సగటు 3450కి ఎగబ్రాకును, మధ్యగతము కదలదు.

అయితే వ్యాసములో సగటును చూపకపోవుట లోపము. ఒక పాఠకుని లేఖ వచ్చిన మీదట, అదే నెలలో గాల్టన్ తెలిపిన సగటు 1197. తేడా ఒక్క పౌను! అంతమాత్రమున సగటే మేలనుట తొందరపాటు. ఫలితము చూచి కొలతను ఎన్నుకొనుట శాస్త్రము కాదు.

రెండు కొలతలకు గల 10 పౌనుల అంతరమే అసలు పాఠము. గాల్టన్ పట్టికలోనే, చీట్లలో నాలుగవవంతు వద్దనున్న అంకె మధ్యగతమునకు 45 పౌనులు దిగువను, ముప్పాతిక వద్దనున్నది 29 పౌనులు మాత్రమే ఎగువను కలవు. తక్కువ ఊహలు ఎక్కువ దూరము చెదరినవి. సగటు అటు జరిగినది. తరగతిలో రెంటిని ప్రక్కప్రక్కన కట్టించినప్పుడే ఈ సంగతి విద్యార్థికి బోధపడును.