తెలుగు సాహిత్య ప్రశ్నపత్రము - ఒక విమర్శ

కావ్యమును విమర్శించుటకు మనకు లక్షణగ్రంథములు పెక్కు కలవు. ఆ కావ్యమును చదివిన విద్యార్థిని పరీక్షించు ప్రశ్నపత్రమును విమర్శించు వాడుక మాత్రము మనలో మిక్కిలి తక్కువ. ఏమి చదువవలెనో పాఠ్యప్రణాళిక చెప్పును. ఎట్లు చదువవలెనో విద్యార్థికి నేర్పునది ప్రశ్నపత్రమే. కావున దానిని గూర్చిన విచారము అధ్యాపకులకు అప్రస్తుతము కానేరదు.

ఈ విచారము మనకు క్రొత్తదియు కాదు. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రము, విద్యార్థి ఏ భాషలో వ్యాసము వ్రాయవలెనను వివాదమునుండి పుట్టినదే. ఆ యేటనే వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వ విచారము’ కావ్యమును స్వబుద్ధితో పరీక్షించు మార్గమును చూపెను. మొదటి యుద్యమ ఫలము మన వ్యాసరచనయందు స్థిరపడినది. రెండవదాని ఫలము ప్రశ్నపత్రమునకు ఇంకను పూర్తిగా చేరలేదని మా యభిప్రాయము.

మనుచరిత్రను ఉదాహరణముగా గైకొందము. వరూధినీ ప్రవరుల పాత్రచిత్రణమును వివరింపుమను ప్రశ్న మనకు చిరపరిచితము. ఆ ప్రశ్న తనంతట దుష్టము కాదు. దానికి సమాధానము ముందుగనే సిద్ధమై యుండుట దోషము. కావ్యమును చదివినవానికిని, గైడును వల్లించినవానికిని గల భేదమును అది చూపజాలదు.

ఈ దోషమునకు విరుగుడుగా కొందరు బహుళైచ్ఛిక ప్రశ్నలను కోరుదురు. అధ్యాపకార్హతను నిర్ణయించు నెట్ పరీక్షయందు 2012 జూన్ నుండి వివరణాత్మకమగు పత్రము తొలగినది. దీనివలన మార్కులు వేయుటలో పరీక్షకుని అభిరుచికి తావు లేకపోయెను. ఈ గుణమును మేము కాదనము. కవికాలము, కృతిభర్త, ఛందోలక్షణము మొదలగు విషయములను ఈ పద్ధతి చక్కగా పరీక్షించును. కాని పద్యమునకు అన్వయము కుదిర్చి, అందలి స్వారస్యమును తన మాటలలో చెప్పగల శక్తిని అది కొలువజాలదు. రేపు తరగతిలో నిలిచి పాఠము చెప్పువానికి ముఖ్యముగా కావలసినది ఆ శక్తియే గదా!

మార్గాంతరము లేకపోలేదు. మనుచరిత్ర కథకు మూలము మార్కండేయ పురాణమునందున్నది. దానిని పెద్దనకు పూర్వమే మారన తెనిగించెను. ఒకే సన్నివేశమునుండి మారన పద్యము నొకటి, పెద్దన పద్యము నొకటి ప్రశ్నపత్రమున ముద్రించి, పెద్దన దేనిని నిలిపెను, దేనిని విడిచెను, దేనిని పెంచెను, దానివలన రసమునకు కలిగిన మేలేమి అని యడుగవచ్చును. ఇచట ధారణ ఉపకరించును గాని ధారణ యొక్కటియే చాలదు. పూర్వుల పాఠక్రమమున పదచ్ఛేద అన్వయములకు గల ప్రాధాన్యమునకును ఇది విరుద్ధము కాదు.

ఇట్టి సమాధానములకు ఇద్దరు పరీక్షకులు ఇరుతెరగుల మార్కులు వేయుదురని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. మూలమున లేనిదానిని, అపేక్షితము కానిదానిని వ్రాయనని మల్లినాథుడు తన వ్యాఖ్యకు పెట్టుకొన్న నియమము మనకును మార్గదర్శకము కాగలదు. ఇరువది మార్కుల ప్రశ్నలో అర్థగ్రహణమునకు ఎనిమిది, పద్యమునుండి చూపిన ఆధారమునకు ఆరు, తారతమ్య వివేచనమునకు నాలుగు, భాషకు రెండు అని ముందుగనే విభజించి విద్యార్థులకు తెలుపుదము. అప్పుడు అభిప్రాయభేదము పూర్తిగా పోదు. ఎచట భేదము కలిగినదో మాత్రము తెలియును. రెండవ పరీక్షకుడు దానిని సరిచూడగలడు.

మరియొక మాట. దిద్దిన పత్రము మరల కంటబడనిచో విద్యార్థి తన మార్కును మాత్రమే తెలిసికొనును, లోపమును తెలిసికొనజాలడు. అంతర్గత పరీక్షలు అధ్యాపకుని చేతిలోనివి. ఆ పత్రములనైన దిద్ది, హేతువు వ్రాసి, వారములోపల తిరిగి యిచ్చుటకు ఏ సంఘముయొక్క అనుమతియు అక్కరలేదు. సంస్కరణము అచటనే ఆరంభింపవలెనని మేము తలంచుచున్నాము.