గళ్లలో ఇమడని నడక

స్నేహితుడి పెళ్లి సంగీత్‌కి నలభై నిమిషాల డీజే సెట్ చేసే పని నా నెత్తిన పడింది. పగలంతా కోడ్ రాసేవాడికి ఆడియో సాఫ్ట్‌వేర్ ఒక లెక్కా అనుకుని ఒప్పేసుకున్నాను. లిస్టులో ఎనభైల నాటి సినిమా పాట ఒకటుంది. దాన్ని ఏబుల్‌టన్ లైవ్‌లో పెట్టి చూస్తే మొదట్లో నిమిషానికి 118 దరువులు, చివరి పల్లవికి వచ్చేసరికి 121. వాద్యగాళ్లంతా ఒకచోట కూర్చుని వాయించిన పాట, అలా కదలడం సహజమే. కానీ దాని పక్కన కలపాల్సిన కొత్త పాట 120 దగ్గర రాయిలా నిలబడి ఉంది. 118కీ 120కీ ఎంత తేడాలే అనిపిస్తుంది గానీ, పదిహేను సెకన్లు గడిచేసరికి రెండు పాటల మధ్య సగం దరువు ఎడం వస్తుంది. ఒకరి అడుగు నేల మీద పడే క్షణానికి రెండోవారి కాలు గాల్లో ఉంటుంది.

దానికి మందు వార్ప్ మార్కర్. అది ధ్వనికి కొట్టే మేకు లాంటిది. ఫలానా దరువు ఫలానా గీత మీదే పడాలని మేకు కొడితే, మధ్యలో ఉన్న ధ్వనిని శ్రుతి మారకుండా సాఫ్ట్‌వేరే సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. నాలుగున్నర నిమిషాల పాటకి 500 పైచిలుకు మేకులు కొట్టాను. గళ్ల పుస్తకంలో రాసిన అంకెల్లా దరువులన్నీ వరసకొచ్చాయి. ముచ్చటేసింది.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లు డోలక్ వాయించిన మా బాబాయికి వినిపించాను. ఆయన సగం దాకా విని, "పాట నడుస్తోంది గానీ ఎక్కడికీ పోవట్లేదేంట్రా?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని పాత ఫైల్ మళ్లీ విన్నాను. చరణం ముగిసి పల్లవిలోకి వచ్చే ముందు తబలా కొంచెం తొందరపడుతుంది. ఆ తొందరలోనే పల్లవి కోసం ఎదురుచూపు ఉంది. నేను సరిచేసిన 'తప్పు' అదే. పాటలో ఏముందో వినకుండా, నాకు ఏం కావాలో దాన్ని బట్టి కత్తిరించాను.

మరి ఎడిటింగ్ అంటేనే పాటకు ద్రోహమా? కాదనడానికి నా దగ్గర ఒక రికార్డుంది. 1976లో సాల్‌సోల్ సంస్థ తెచ్చిన డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట 'టెన్ పర్సెంట్'. దుకాణాల్లో అమ్మకానికి వచ్చిన మొదటి పన్నెండంగుళాల సింగిల్‌గా దానికి పేరు. మిక్స్ చేసింది వాల్టర్ గిబన్స్, న్యూయార్క్ క్లబ్బుల్లో డీజే. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కను దీని నుంచి దానికి, దాని నుంచి దీనికి మారుస్తూ పొడిగించడంలో ఆయన దిట్ట. రేడియో కోసం చేసిన చిన్న పాటను తొమ్మిది నిమిషాలు దాటించాడు. అప్పుడు ఎడిటింగ్ అంటే బ్లేడుతో టేపు కోసి అతికించడం. సెకనుకు 15 అంగుళాలు పరిగెత్తే టేపు మీద, నిమిషానికి 120 దరువుల పాటలో ఒక దరువు ఏడున్నర అంగుళాలు. పొరపాటున కోస్తే అన్‌డూ లేదు. చెవితో పదిసార్లు విన్నాకే చెయ్యి కదిలేది.

ఆ మిక్స్‌లో గిబన్స్ గొంతుల్ని పక్కన పెట్టి డ్రమ్స్‌ని, కాంగోల్ని చాలాసేపు ముందుకు తెస్తాడు. చిన్న పాటలో గాయకుల వెనక దాక్కున్న ఎర్ల్ యంగ్ డ్రమ్మింగ్ ఇక్కడ పాటకి వెన్నెముక అని తెలుస్తుంది. గొంతులు తిరిగొచ్చినప్పుడు అవే మాటలు ఇంకా నిండుగా వినిపిస్తాయి. 'ఈ పాటలో మీరు వినకుండా దాటిపోయింది ఇదీ' అని ఆయన వేలు పెట్టి చూపిస్తున్నాడు. నా దృష్టిలో అది విమర్శే. సాహిత్యాన్ని వెనక్కి నెట్టాడని పాట రాసినవాడు అలిగితే, ఆ అలకలోనూ న్యాయం ఉంటుంది. ఏ విమర్శా అన్ని వైపులా న్యాయం చెయ్యలేదు. కానీ గిబన్స్ కోత పాట లోపల దొరికినదాని కోసం. నా కోత పక్క పాటతో అతుకు కనపడకుండా ఉండటం కోసం.

రెండో రాత్రి మేకులన్నీ పీకేశాను. పాట మొదట్లో 32 దరువులు, చివర 32 దరువులు, అంటే వేరే పాటతో కలిసే చోట్ల మాత్రమే గీతకు కట్టాను. ఆ రెండు చివర్ల మధ్య పాటను దాని నడకకి వదిలేశాను. సంగీత్‌లో ఆ తేడా ఎవరూ గమనించలేదు. మొదటి ఎడిట్ వేసినా అంతే హుషారుగా ఆడేవాళ్లేమో. డ్యాన్స్ ఫ్లోర్ నిండటం ఒక్కటే కొలత అయితే నా మొదటి ఎడిట్‌ని తప్పుపట్టడానికి లేదు.

నాకు మాత్రం ఇది పాటతో తెగలేదు. నిరుడు ఒక కథల సంపుటి మీద సమీక్ష రాశాను. పన్నెండు కథలు. అన్నిటిలోనూ 'ఊరు వదలడం' అనే ఒకే వస్తువు ఉందని చూపించి, మెప్పు కూడా పొందాను. నిజానికి అందులో ఒక కథ నా వాదంలో ఇమడలేదు. ఊళ్లోనే ఉండిపోయి, దాని గురించి ఏ బాధా లేని ఒక ముసలామె కథ అది. దాని పేరు కూడా ఎత్తలేదు. అప్పుడు అది ఎడిటింగ్ అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రచయిత తబలా తొందరపడింది సరిగ్గా అక్కడేనేమో. నేను మేకు కొట్టి సరిచేసేశాను.

ఆ పుస్తకం మళ్లీ బయటికి తీశాను. ఈసారి ఆ కథతోనే మొదలుపెట్టాను.