ఆర్థర్ డవ్ చిత్రకళ: అమూర్తమా, సారగ్రహణమా?

పాశ్చాత్యచిత్రకళయందలి 'ఆబ్‌స్ట్రాక్టు' అను మాటను తెలుఁగున 'అమూర్తము' అని వ్యవహరించుచున్నారు. పేరు తెలిసినతోడనే వస్తువు తెలిసినట్లు తోఁచుట లోకసహజము. మూర్తి లేనిదే అమూర్తమైనచో అట్టి చిత్రమున రూపమే యుండరాదు. రూపము లేనిదానికిఁ దప్పొప్పులు లేవు. తప్పొప్పులు లేనిదానిని విమర్శించుట యెట్లు? ఈ కళను నిందించువారును, విచారింపక పొగడువారును ఈ పేరునే యాధారముగాఁ గొనుచున్నారు. అమెరికా చిత్రకారుఁడగు ఆర్థర్ డవ్ (1880-1946) కృతులను బరిశీలించినచో ఈ పేరెంత యసమగ్రమో తేటపడును.

డవ్ న్యూయార్కు రాష్ట్రమునందలి కెనన్‌డేగ్వాలో జన్మించి, ఆ రాష్ట్రమందే జెనీవా అను పట్టణమునఁ బెరిగెను. తండ్రి ఇటుకలు చేయించి, కట్టడములు గుత్తకుఁ గట్టించు సంపన్నుఁడు. కుమారుఁడు న్యాయవాది కావలెనని యాతని కోరిక. బాలునకు మాత్రము పొరుగున నుండిన న్యూటన్ వెదర్లీ యను కూరగాయల సేద్యగాఁడే నిజమైన గురువు. అడవి, నీరు, చేఁపల వేఁట, రంగులు, ఇవన్నియు వెదర్లీవలననే వానికిఁ బరిచితములయ్యెను. 1903లో కార్నెల్ విశ్వవిద్యాలయమున విద్య ముగించి, డవ్ న్యూయార్కు నగరమునఁ బత్రికలకు బొమ్మలు వ్రాయుచు జీవించెను. ఆ వృత్తిలోఁ బేరు వచ్చుచుండఁగనే దానిని విడిచి 1908లో ఫ్రాన్సునకేఁగెను. అచ్చట వ్రాసిన 'లాబ్‌స్టరు' అను చిత్రమున సెజాను కూర్పును మాటీసు వర్ణవైభవమును గనఁబడును. డవ్ మాత్ర మింకను గనఁబడఁడు.

1909లోఁ దిరిగివచ్చిన పిమ్మట ఛాయాగ్రాహకుఁడగు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జుతో వానికి స్నేహము కలిగెను. ఫిఫ్త్ ఎవెన్యూలో '291' అను చిన్న చిత్రశాలను నడపుచు, నవ్యకళను అమెరికావారికిఁ జూపినవాఁడు స్టీగ్లిట్జు. 1910-11 ప్రాంతమువని చెప్పఁబడు డవ్ తైలచిత్రములాఱింటిలో దృశ్యము దాదాపుగాఁ గరఁగిపోయినది. 1912లో '291' నందు వాని మొదటి ప్రత్యేకప్రదర్శనము జరిగెను. అందలి పాస్టెలు చిత్రములు పదింటిని తరువాతివారు బైబిలును స్మరించి 'పది యాజ్ఞలు' అని పిలిచిరి. యూరపులోఁ గాండిన్‌స్కీ యిట్టి ప్రయత్నమే చేయుచున్న కాలమది. ఎవరు ముందు, ఎవరు వెనుక అను వివాదము చరిత్రకారులది. విమర్శకుఁడు విచారింపవలసినది వేఱు: డవ్ దేనిని విడిచెను, దేనిని నిలిపెను?

ఆ కాలపు పాస్టెలులలో 'గుఱ్ఱముల జత' యనునది యొకటి. అందు గుఱ్ఱముల తలలను గాళ్లను వెదకువాఁడు నిరాశపడును. కాని బరువు నీడ్చు జంతువుల మెడవంపు, పట్టుబిగువు, అడుగడుగునఁ గలుగు త్రోపు, ఇవి ఆ వంకరగీఁతలలో మిగిలియున్నవి. విడువఁబడినది గుఱ్ఱపు బాహ్యాకృతి. నిలుపఁబడినది గుఱ్ఱపు పని. తన పద్ధతికి 'ఆబ్‌స్ట్రాక్షను' అనుటకంటె 'ఎక్‌స్ట్రాక్షను' అనుట తగునని డవ్ తలఁచుట యిందుకే. మొదటిది వస్తువునకు దూరముగాఁ దొలఁగుట. రెండవది వస్తువునుండి సారమును దీయుట. చెఱకురసము చెఱకువలె నుండదు. కాని చెఱకు లేనిదే రసము లేదు. కావున నీ కళకు 'సారగ్రహణము' అను పేరు యుక్తము.

ఈ భేదము భారతీయులకుఁ గ్రొత్తది కాదు. కామసూత్రములకు జయమంగళావ్యాఖ్య రచించిన యశోధరుఁడు చెప్పిన చిత్రషడంగములలో సాదృశ్యమొకటి. అది కంటికిఁ దోఁచు పోలిక మాత్రమే కాదని ఆనంద కుమారస్వామి 1934లోఁ బ్రకటించిన గ్రంథమున వాదించెను. ఆయన బోస్టను మ్యూజియమున నుద్యోగించుచు, 1924లో స్టీగ్లిట్జు ఛాయాచిత్రములు ఆ సంస్థకుఁ జేరుటకుఁ గారకుఁడయ్యెను. ఇంతమాత్రముచే డవ్ మన శాస్త్రమునకు శిష్యుఁడని చెప్పరాదు. బాహ్యసాదృశ్యము పోయినంతనే సత్యము పోయినట్లు కాదని మాత్రము చెప్పవచ్చును.

దీనికి మేలైన నిదర్శనము 1929లో వ్రాసిన 'ఫాగ్ హారన్సు'. దట్టమైన మంచులో ఓడలను హెచ్చరించుటకు మ్రోగించు కొమ్ముల ధ్వని యిందలి విషయము. నల్లని నీటిపై మూఁడు రూపములు తేలుచుండును. ఒక్కొక్కటి వలయములో వలయముగా, నడుమ ముదురై వెలుపలి కేఁగుకొలఁది లేఁతవడుచు, అంచున మంచులోఁ గలియుచుండును. కొమ్ము లేదు, ఓడ లేదు, తీరము లేదు. అయినను ధ్వని పుట్టినచోటు, వ్యాపించిన తీరు, సన్నగిల్లినచోటు చూపఱికిఁ దెలియును. ఇందు రూపము లేదనుట యసత్యము; కంటికి లేని రూపమును చెవినుండి తెచ్చి కంటికిచ్చుటయే చిత్రకారుఁడు చేసిన పని. ఇచ్చటఁ దప్పొప్పులున్నవి. వలయము లొకేరీతిగా నుండినచో దూరము చెడును. అంచులు గట్టివైనచో మంచు చెడును.

ఈ యెఱుక గ్రంథములనుండి వచ్చినది కాదు. ఫ్రాన్సునుండి వచ్చినది మొదలు డవ్ కనెక్టికటులోఁ గోళ్లను బెంచుచుఁ గుటుంబమును బోషింపఁ జూచెను. తండ్రి యీ కళకు సాహాయ్యము చేయనొల్లఁడయ్యెను. 1921లో డవ్ మొదటిభార్యను విడిచి, చిత్రకారిణియగు హెలెన్ టార్‌తోఁ గూడి నీటిపై నివాసమేర్పఱచుకొనెను. లాంగ్ ఐలండు తీరమున 42 అడుగుల 'మోనా' యను తెరచాపనావ వారికి ఏండ్లతరబడి యిల్లును జిత్రశాలయు నయ్యెను. అట్టివానికి మంచులో వినవచ్చు మ్రోఁత కవిసమయము కాదు. ప్రాణరక్షణకుఁ జెవి పెట్టి దూరము కొలువవలసిన ధ్వని.

ఆ కాలముననే యతఁడు పనికిరాని వస్తువులను జేర్చి కొన్ని కూర్పులు చేసెను. 1925 నాఁటి 'గోయిన్ ఫిషిన్' అను దానిలో వెదురుముక్కలును ముదుకగుడ్డ చొక్కాచేతులును గలవు. ఆ యేఁటిదే 'గ్రాండ్‌మదరు' అను దానిలో వెలిసిన కొయ్యపలకలు, సూదిపని గుడ్డ, బైబిలు పదసూచికలోని పుట, ఎండిన యాకులు, పువ్వులు కలవు. ముఖము వ్రాయకయే యొక వృద్ధురాలి దినచర్యయు, భక్తియు, వయస్సును దెలుపఁబడినవి. ధ్వనిప్రధానమైన కావ్యమును మెచ్చు సహృదయునకు దీనిని మెచ్చుట కష్టము కాదు.

అట్లని డవ్ కృతులన్నియు సమానములు కావు. 1927లో గెర్ష్‌విన్ రచించిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' సంగీతమును గ్రామఫోనులో వినుచు వ్రాసిన చిత్రములు చుఱుకైనవే. ఒకదానికి గడియారపు స్ప్రింగుకూడ నతికింపఁబడినది. కాని యందలి గీఁతలు పాటవెంటఁ బరుగెత్తినవేకాని పాటకొక చోటు కల్పింపలేదు. కొమ్ముల మ్రోఁతకు సముద్రమున్నది, మంచున్నది. ఈ సంగీతమునకుఁ జుట్టును లోకము లేదు. ప్రకృతినుండి సారమును దీయు కళకుఁ బ్రకృతి దొరకనిచోఁ జమత్కారమే మిగులును. 1930 తరువాతి సూర్యచంద్రచిత్రములలోఁ గొన్నింట అలవాటైన వలయమే మరల మరలఁ దిరుగుచున్నదనుటయు సత్యదూరము కాదు.

వాషింగ్టనులో చిత్రశాల స్థాపించిన డంకన్ ఫిలిప్సు 1926లో డవ్ చిత్రములను గొనఁ బ్రారంభించి, 1930 మొదలు నెలనెల ధనమిచ్చి యాదుకొనెను. అయినను దారిద్ర్యము తీఱలేదు. 1933లో డవ్ కుటుంబపుటాస్తి చిక్కులకై జెనీవాకు మరలెను. 1938లో సెంటర్‌పోర్టునఁ బూర్వము తపాలాఫీసుగా నుండిన చిన్నయింటఁ జేరి, కొలఁదికాలములోనే గుండెజబ్బునకు లోనయ్యెను. దూరము తిరుగలేని యా దినములలో ఇంటియెదుటి మడుఁగే వాని కాధారము. 1944 నాఁటి 'దట్ రెడ్ వన్' వంటి చిత్రములలో రంగుల పట్టులు పూర్వముకంటె విశాలములై, నిశ్చలములై యున్నవి. స్టీగ్లిట్జు మరణించిన 1946లోనే, నవంబరున, డవ్ గతించెను. 1967 వఱకు జీవించిన హెలెన్ టార్ ఆ పిమ్మటఁ గుంచె పట్టలేదు. డవ్ కళ కైన వెలలో నామె మౌనముకూడఁ జేరియున్నది.

సాదృశ్యమును విడిచినవానికి స్వేచ్ఛ లభించునని పలువురు తలఁతురు. డవ్ విషయమున జరిగినది దీనికి విపరీతము. గుఱ్ఱమును గుఱ్ఱమువలె వ్రాయువానికిఁ బోలిక సాక్ష్యమిచ్చును. దాని బలమును మాత్రమే వ్రాయువానికి ఆ సాక్షి లేఁడు. ప్రతిగీఁతయుఁ దానే సత్యము పలుకవలెను. 'ఫాగ్ హారన్సు' నందు పలికినది. 'రాప్సొడీ' యందుఁ బలుకలేదు. ఈ తారతమ్యమును జూపఁగలిగినంతవఱకు ఈ కళ విమర్శకు లోఁబడియే యున్నది. 'అమూర్తము' అను పేరు ఆ విచారణకుఁ దలుపు మూయును. 'సారగ్రహణము' అను పేరు తెఱచును.