పన్నెండో సాధనం

గ్రామచరిత్ర రాయబోయే విద్యార్థి మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న "ఈ ఊరు ఎంత పాతది?" అన్నది కాదు. "ఈ ఊరి గురించి ఇంతవరకూ ఎవరు మాట్లాడారు, ఎవరి తరఫున మాట్లాడారు?" అన్నది. ఈ రెండో ప్రశ్న వేసుకోనివాడు ఎంత శ్రమపడినా, చివరికి రాసేది ఊరి చరిత్ర కాదు, ఊళ్లోని నాలుగిళ్ల చరిత్ర.

కర్నూలు, కడప జిల్లాల్లో వానలకు కరువు గాని, ఆధారాలకు కరువు లేదు. ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన రేనాటి చోళుల శాసనం, 6వ శతాబ్దపుది, కలమళ్లలో దొరికింది. వీటన్నిటికంటే పల్లెకు దగ్గరగా వచ్చేవి కైఫీయతులు. నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేసిన తర్వాత, కర్నల్ కాలిన్ మెకంజీ కొలువులోని వాళ్లు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి దండకవిలెలు చూసి, పెద్దల నోటిమాట విని, గ్రామ వృత్తాంతాలు రాయించారు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీకి కుడిభుజాలు. తర్వాతి కాలంలో సి.పి. బ్రౌన్ ఈ రాతలకు నకళ్లు తీయించాడు. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చువేసి మనందరికీ అందుబాటులోకి తెచ్చింది.

కైఫీయతుల విలువను నేను తక్కువ చేయను. వచనమంటే పండితుల సొత్తని అనుకునే రోజుల్లో, కరణం తన వాడుక మాటల్లో, ఫారసీ లెక్కల పదాలు కలగలిపి, అడవి కొట్టి ఊరు కట్టిన కథ చెప్పాడు. అలంకారం లేదు, ఆడంబరం లేదు. ఏ దొర పోయి ఏ దొర వచ్చాడో, ఏ గుడికి ఏ మాన్యం ఇచ్చారో సూటిగా చెప్పాడు. తెలుగు వచన చరిత్రలో ఈ రాతలకు దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

కాని చెప్పేవాడు కరణం. అడిగేవాడు కొత్త సర్కారు మనిషి. ఎవరి మాన్యం నిలుస్తుందో, ఎవరిది ఊడుతుందో తెలియని రోజులవి. అందుచేత కైఫీయతు సగం చరిత్ర, సగం అర్జీ. దాన్ని పూర్తిగా నమ్మడం అమాయకత్వం. అర్జీయే కదా అని పారవేయడం అంతకంటే పెద్ద తప్పు. ఎవరు ఏమి కోరి ఆ మాట చెప్పారో విచారించి చదవడమే విమర్శకుని పని.

ఈ చదివే పద్ధతికి పోరుమామిళ్ల మంచి పాఠశాల. అక్కడి చెరువును 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. ఆనాటి సంస్కృత శాసనం చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, ఆరు దోషాలనూ ఏకరువు పెడుతుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, గట్టుకు ఆనుకునే కొండలు, రాతి గని - ఈనాటి ఇంజనీరు కూడా తల ఊపే జాబితా అది. కాని వరస చూడండి. మొదటి సాధనం ధర్మాత్ముడూ, ధనవంతుడూ, కీర్తికాముడూ అయిన రాజు. పన్నెండోది, అన్నిటికంటే చివరిది, పని తెలిసిన మనుషుల గుంపు.

అదే శాసనం రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు, రెండేండ్ల పని అని కూడా లెక్క చెబుతుంది. ఇంత లెక్క చెప్పిన రాయి ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ చెప్పలేదు. రాజు పేరుంది, శ్లోకాలు కట్టిన కవి పేరుంది. మట్టి మోసినవాళ్లు అంకె అయ్యారు, బండ్ల పక్కన ఒక అంకె! భూస్వామ్య సమాజం శ్రమను దాచలేదు. కొలిచింది, ఖర్చులో రాసుకుంది. దానికి కర్త స్థానం మాత్రం ఇవ్వలేదు.

జానపదుల పాటలున్నాయి కదా, అవి ప్రజల గొంతు కాదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. కాదని ఎవరంటారు? 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ కాగితాలు నేరస్తుడన్నాయి, పల్లె పాట వీరుడంది. పాట గెలిచింది. అయినా ఆ పాటలోనూ నాయకుడు పాలెగాడే. వెంట నడిచిన బోయలు అక్కడా గుంపే. పాటనూ కైఫీయతును చదివినట్టే ప్రశ్నించి వినాలి.

మరి కాగితం లేనివాళ్ల చరిత్రకు ఆధారమేది? ఉంది. చేనుల పేర్లలో ఉంది, కుంటల పేర్లలో ఉంది. గేరి ఊరికి ఏ దిక్కున ఉందో, బావి ఎవరిదో, ఎవరిని ముట్టనివ్వలేదో అందులో ఉంది. తలారి, వెట్టివాడు, నీరుగంటి కళ్లంలో ఎంత గింజ తీసుకునేవారో ముసలివాళ్ల జ్ఞాపకంలో ఉంది. 1876-78 నాటి ధాతు కరువులో ఏ ఇండ్లు ఖాళీ అయ్యాయన్న మాట తరతరాలుగా దిగి వచ్చి ఉంటుంది. నోటిమాట కూడా పొరపడుతుంది. అందుకే దాన్ని ఇనాం రిజిస్టరుతో, సెటిల్‌మెంటు లెక్కతో సరిచూడాలి. ఆ లెక్కను మళ్లీ నోటిమాటతో సరిచూడాలి. రెండూ తగాదాపడిన చోటే చరిత్రకారుని అసలు పని మొదలవుతుంది.

ఈనాడు జాతరలకూ, జయంతులకూ అచ్చవుతున్న గ్రామచరిత్రల్లో నాకు కనిపించే లోపం సమాచారం లేకపోవడం కాదు, ఈ తగాదాకు జంకడం. పెద్దిండ్ల వంశవృక్షాలు, గుడి మహిమ, చందాదారుల ఛాయాచిత్రాలు - ఇంతటితో పుస్తకం అయిపోతుంది. అది కైఫీయతు కంటే వెనకటి అడుగు. కరణానికి కనీసం పొలం లెక్క తెలుసు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా సూచన ఒక్కటే. రాసినదాన్ని అచ్చుకు పంపకముందు ఊళ్లో చదవండి. రచ్చబండ దగ్గర ఒకసారి, గేరిలో ఒకసారి. రచ్చబండ దగ్గర అందరూ మెచ్చుకుని, గేరిలో ఎవరూ నోరు విప్పకపోతే, మీ చరిత్ర ఇంకా పూర్తికాలేదని అర్థం. గేరిలో ఒక ముసలమ్మ లేచి "అట్ల కాదు నాయనా" అన్న రోజున కలం మళ్లీ చేతికి తీసుకోండి. జాబితాలో పన్నెండో సాధనం నోరు తెరిచింది. ఊరి చరిత్ర అక్కడినుంచి మొదలుపెట్టి రాయాలి.