కంపెనీ సెట్టు

అటక మీద పాత పంచె ముక్కలో చుట్టి ఉన్న కారు రేడియోను పోయిన నెల కిందికి దించాను. కారుతోపాటు వచ్చిన కంపెనీ సెట్టు అది. ఆరేళ్ల కిందట దాన్ని పీకించి పెద్ద ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను. చూడటానికి దర్జాగానే ఉండేది. కానీ నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోయేది. పైగా అందులో మీడియం వేవ్ లేదు.

మా అత్తగారి ఊరు అవనిగడ్డ అవతల. మోపిదేవి చేరేసరికి ఎఫ్.ఎం.లో పాటకన్నా గరగరే ఎక్కువ. ఎఫ్.ఎం. తరంగం చూపులాగా తిన్నగా పోతుంది, దూరమయ్యేకొద్దీ నేల వంపు అడ్డొస్తుంది. మీడియం వేవ్ నేలను పట్టుకుని పాకుతుంది. 1948 డిసెంబర్ 1న మొదలైన బెజవాడ ఆకాశవాణిని దివిసీమ దాకా వినిపించింది మీడియం వేవ్‌లోని 837 కిలోహెర్ట్జ్‌లే. 1977 ఉప్పెన చూసిన మా మావగారికి తుపాను కబురంటే ఇప్పటికీ రేడియోలో రావలసిందే. "మీ కార్లో బెజవాడ స్టేషన్ రాదా అల్లుడుగారూ?" అని ఆయన అడిగిన రోజున, అన్ని యాప్‌లున్న తెర ముందు నాకు నోరు పెగల్లేదు.

సెట్టు పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. పెద్దాయన, వైరింగ్ పనిలోనే తల నెరిసినవాడు, స్టీరియో బయటికి లాగగానే దాని వెనక కాకిగూడంత వైర్లు జారాయి. "కప్లర్ కోసేశారేంటండీ!" అన్నాడు, సెట్టును కారు వైర్లకు తగిలించే ప్లగ్గును చూపించి. బిగించినవాడి పనితనం విప్పినప్పుడే తెలుస్తుంది. స్టీరియో పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, గడియారమూ స్టేషన్లూ గుర్తుండేది దానివల్లే. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. మునుపటి కుర్రాడు రెండిటినీ కలిపి బ్యాటరీకి మెలేశాడు. సెట్టు రాత్రంతా కునుకు లేకుండా బ్యాటరీని తాగుతోందన్నమాట. యాంటెన్నా ఆంప్లిఫైయర్‌కు కరెంటివ్వాల్సిన నీలం వైరు గాలిలో వేలాడుతోంది. ఎఫ్.ఎం. గరగరలో దాని వాటా కూడా ఉంది.

పాత సామాన్ల కొట్లో అదే మోడల్ కప్లర్ దొరికింది. "కారు వైపు రంగుల్ని నమ్మకూడదండీ, మీటర్ని నమ్మాలి" అంటూ ఒక్కో వైరే చూసుకుంటూ పోయాడు. స్పీకర్ వైర్ల దగ్గర మాత్రం జేబులోంచి టార్చి సెల్లు తీశాడు. రెండు కొసలకూ సెల్లు తాకించగానే టక్కుమంది. జాలీ విప్పి ఉన్న స్పీకర్ కాగితం ముందుకు జరిగితే ప్లస్సు సరైన కొసకు తగిలినట్టు, వెనక్కి పోతే తిరగబడ్డట్టు. అలా నాలుగు డోర్లూ చూశాడు. టేపు చుట్టి వదిలేయకుండా ప్రతి అతుకూ సోల్డరింగ్ చేసి, స్లీవు తొడిగి వేడి చూపించాడు. మూడు గంటలు పట్టింది.

ఆన్ చేస్తే సెట్టు కోడు అడిగింది. కరెంటు తెగితే దొంగసొత్తేమోనని అనుమానపడే జాతి అది! మాన్యువల్‌లో దాచిన కార్డు మీద నాలుగంకెలు చూసి కొట్టాను. మీడియం వేవ్ కోసం ఏ.ఎం. నొక్కి 837 దగ్గర ఆపితే బెజవాడ పలికింది. ఆ ఆదివారం మావగారు ముందు సీట్లో కూర్చుని వార్తలు అయ్యేదాకా దిగలేదు.

కొత్త స్టీరియో పెట్టించుకోండి, తప్పు లేదు. కప్లర్‌ను మాత్రం కోయనివ్వకండి. చాలా మోడళ్లకు సరిపోయే అడాప్టర్ వైర్లు దొరుకుతున్నాయి, అడిగి వేయించుకోండి. విప్పిన సెట్టునూ కోడు కార్డునూ ఒకే చోట దాచండి.